కారు తాళాలు మన చేతిలో... మరి కాగితాలు?

మంచిర్యాలలో ఆడవాళ్లు కారు నడపడం ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లల్ని బడి దగ్గర దింపాలన్నా, గోదావరిఖనిలో చుట్టాలింటికి వెళ్లాలన్నా మనమే స్టీరింగ్ పట్టుకుంటున్నాం. బొగ్గు లారీల మధ్య నుంచి ఒడుపుగా బండి తీస్తున్నాం. కానీ "బీమా ఏం చేయించారు?" అని అడిగితే మాత్రం "ఆయనకే తెలుసు" అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఓ మధ్యాహ్నం పూట మా కారు పాలసీని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీక్కూడా చెప్పాలనిపించిన సంగతులివి.

ఫుల్ ఇన్సూరెన్స్ అంటే?

బీమాలో రెండు భాగాలున్నాయి. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా రోడ్డెక్కకూడదు. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే రూ.2,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు. రెండోది ఓన్ డ్యామేజ్. మన కారుకు దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకుపోయినా, కాలిపోయినా, వరదలో మునిగినా ఆదుకునేది ఇదే. రెండూ కలిస్తేనే మనం అనుకునే ఫుల్ ఇన్సూరెన్స్.

2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామంది ఏడాదికే తీసుకుంటారు. "మూడేళ్ల దాకా ఢోకా లేదు" అనుకుంటే రెండో ఏడు ఆ రక్షణ ఉండదు!

ఆ 15 లక్షలు ఎవరికి?

మనం తప్పక తెలుసుకోవాల్సింది ఇది. యజమాని ప్రమాదంలో చనిపోతే నామినీకి రూ.15 లక్షలు వచ్చే కవర్ ఒకటుంది. కానీ అది బండి ఎవరి పేరున రిజిస్టరైందో వాళ్లకే, అదీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. కారు ఆయన పేరున ఉండి, నడిపేది మనమైతే ఆ కవర్ మనకు వర్తించదు. తన తప్పు వల్లే ప్రమాదం జరిగితే, నడిపిన మనిషి కుటుంబం థర్డ్ పార్టీ కింద పరిహారం అడగడానికీ వీలుండదు. ఎందుకంటే ఆ మనిషి 'ఎదుటి మనిషి' కాదు కదా! అందుకే రోజూ నడిపే ఇల్లాలికి విడిగా ప్రమాద బీమా ఉండి తీరాలి. కారులో కూర్చునే పిల్లలకూ, పెద్దలకూ ప్రయాణికుల కవర్ అడిగి చేర్పించుకోవాలి. నామినీ పేరు రాశారో లేదో కూడా చూసుకోవాలి.

నీళ్లలో బండి స్టార్ట్ చేయొద్దు

2022 జూలై వరదల్ని మనూరు మరిచిపోలేదు. గోదావరి పోటెత్తి రాళ్లవాగు వెనక్కి తన్నడంతో ఎన్నో ఇళ్లు మునిగాయి. మాతాశిశు ఆసుపత్రి నుంచి బాలింతల్నీ, పసిపిల్లల్నీ వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. అలాంటప్పుడు మునిగిన కారును, ఆడుతుందో లేదో చూద్దామని స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్లు లాగుతుంది. ఆ నష్టం వరద వల్ల కాదు, తర్వాత చేసిన పని వల్ల వచ్చిందని బీమా కంపెనీ క్లెయిమును కాదనవచ్చు. తాళం తిప్పకుండా ఫొటోలు తీసి, కంపెనీకి కబురుచేసి, బండిని లాగించుకుని షెడ్డుకు పంపించడమే మేలు. వాగు పక్కన ఉండేవాళ్లు 'ఇంజన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ తీసుకుంటే నిశ్చింత.

రిపేరు బిల్లంతా కంపెనీయే ఇస్తుందనీ అనుకోకండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు తీసేస్తారు. 'జీరో డిప్రిసియేషన్' ఉంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇవీ గుర్తుంచుకోండి

క్లెయిము చేయని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై, అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే అదంతా పోతుంది. చిన్న గీతకు క్లెయిము చేసేముందు ఈ లెక్క వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లో పాలసీ కూడా మన పేరున మార్పించుకోవాలి. ఆర్సీ మారితే చాలదు.

సొంత నంబరు ప్లేటు కారును పెళ్లికో, మేడారం జాతరకో కిరాయికి పంపితే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. లైసెన్సు లేని అబ్బాయికి తాళాలిచ్చినా అంతే.

కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

ఇవాళే పాలసీ తీసి నాలుగు చూడండి: రెండు భాగాల గడువు తేదీలు, ప్రమాద కవర్ ఎవరికి, నామినీ ఎవరు, అదనపు కవర్లేమిటి. ఏదైనా అర్థం కాకపోతే ఏజెంటును మొహమాటం లేకుండా అడగండి. డబ్బు కట్టేది మనమేగా!