గుల్మార్గ్‌లో స్కీయింగ్ చేస్తారా? ముందు బూటు సంగతి చూసుకోండి

చలికాలంలో కశ్మీర్ వెళ్లే మన కుటుంబాల్లో చాలామంది గుల్మార్గ్ కూడా చూసి వస్తారు. అక్కడ మంచు కనబడగానే పిల్లలు స్కీయింగ్ చేస్తామని పట్టుబడతారు. స్కీలు, కర్రలు, బూట్లు అన్నీ అద్దెకు దొరుకుతాయి. కర్ర పొడవు కొంచెం అటూఇటూ అయినా నడిచిపోతుంది. బూటులో తేడా వస్తే మాత్రం రోజంతా నొప్పే, మోకాలికి కూడా ప్రమాదమే.

ఫ్లెక్స్ అంటే ఏంటి?

స్కీ బూటుకు బయట గట్టి ప్లాస్టిక్ షెల్, లోపల మెత్తటి లైనర్ ఉంటాయి. కాలు ముందుకు వంచినప్పుడు బూటు ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే నంబరే ఫ్లెక్స్. పెద్దవాళ్ల బూట్లలో ఇది సుమారు 60 నుంచి 130 దాకా ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ బూటు గట్టిగా ఉంటుంది.

పెద్ద నంబరు ఉంటే మంచి బూటు అనుకోవద్దు. కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు 60-80, మగవాళ్లకు 70-90 సాధారణంగా సరిపోతుంది. బరువు ఎక్కువున్నవాళ్లకు కాస్త పైది కావాలి. మరీ గట్టిదైతే కాలు ముందుకు వంగదు, బరువంతా మడమల మీదికి పోయి స్కీలు అదుపు తప్పుతాయి. కంపెనీని బట్టి కూడా తేడా ఉంటుంది, ఒకరి 80 ఇంకొకరి 80తో సమానం కాకపోవచ్చు. పైగా చలికి ప్లాస్టిక్ ఇంకా బిగుసుకుంటుంది.

సైజు ఎలా చూడాలి?

స్కీ బూటు సైజు పాదం పొడవే, సెంటీమీటర్లలో. మడమ గోడకు ఆనించి నిలబడి కొలిస్తే 26 వచ్చిందంటే బూటు కూడా 26. లైనర్ తీసేసి, ఖాళీ షెల్‌లో వేళ్లు ముందుకు ఆనించి చూడండి. మడమ వెనక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సందు ఉంటే చాలు. లైనర్ పెట్టి వేసుకున్నాక నిటారుగా నిలబడితే వేళ్లు కొసకు తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. వదులుగా ఉంటే హాయి అని పిల్లలకు పెద్ద సైజు ఇప్పించడం పొరపాటు.

ఒకే జత సాక్స్ చాలు

రెండు జతలు వేస్తే వెచ్చగా ఉండదు, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి పల్చని సాక్స్ ఒక్క జత వేసుకోండి. షల్వార్, థర్మల్ ప్యాంటు అంచులు బూటులోకి దూర్చకండి, అవి పిక్క దగ్గర ఒరుసుకుంటాయి. తిమ్మిరెక్కితే బకిళ్లు వదులు చేయండి, తగ్గకపోతే బూటు మార్పించండి.

బరువు నిజమే చెప్పండి

పడిపోయినప్పుడు బూటును స్కీ నుంచి వదిలేసేది బైండింగ్. దాన్ని మనిషి బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి బిగిస్తారు. బరువు తగ్గించి చెబితే అది మధ్యలోనే ఊడిపోవచ్చు. రాకపోయినా బాగా వచ్చని చెబితే పడినప్పుడు ఊడక మోకాలు మెలిపడొచ్చు. బూటు మార్చిన ప్రతిసారీ బైండింగ్ మళ్లీ సరిచేయమని అడగండి. ఆ పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు.