కాకతి వంశాన్ని నిలిపిన కామసాని

మానుకోట నుంచి మరిపెడ పోయే దారిలో కురవి అనే ఊరు ఉన్నది. పిల్లలూ, మీలో కొందరు శివరాత్రి జాతరకు అక్కడికి వెళ్ళి వీరభద్రస్వామిని చూసే ఉంటారు. బూరలు, బొమ్మలు కొనుక్కుని తిరిగి వచ్చేటప్పుడు, ఆ నేల మీద ఒకప్పుడు రాజులు యుద్ధాలు చేశారని మీకు తోచి ఉండదు.

వెయ్యేళ్ళ కిందట దీని పేరు కొరవి. ఒక చిన్న రాజ్యానికి అది ముఖ్యపట్టణం. అంత చిన్న రాజ్యం కోసం కొట్లాట ఎందుకు? పటం తీసి చూడండి. తూర్పున వేంగి రాజ్యం. పడమట మాన్యఖేటంలో రాష్ట్రకూటులు. వాళ్ళకూ వీళ్ళకూ తరతరాల పగ. కొరవి సీమ ఆ ఇద్దరి నడుమ ఉన్నది. గుమ్మం ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళదే కదా!

కొరవిని ఏలినవారు ముదిగొండ చాళుక్యులు. వాళ్ళు వేంగి రాజుల పక్షం. వాళ్ళు వేయించిన శాసనం కురవిలో దొరికింది. తెలుగు వచనంలో రాసిన తొలి శాసనాలలో అది ఒకటి.

ఇక కాకతీయులు. ఆ పేరు వినగానే ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి గుర్తుకు వస్తాయి. అప్పటికి అవేవీ లేవు. కాకతీయులు రాష్ట్రకూటుల కొలువులో సేనానులు మాత్రమే. వారిలో నాలుగవ గుండడు గొప్ప యోధుడు. శత్రువులను పిండి చేసినవాడని అతన్ని పిండి గుండడు అన్నారు.

973లో కల్యాణి చాళుక్యుడు తైలపుడు రాష్ట్రకూటులను కూలదోశాడు. ఏలిక పోయిన సేనాని ఏం చేయాలి? కొత్త ఏలికకు మొక్కాలి, లేదా తన కాళ్ళ మీద తాను నిలబడాలి. గుండడు రెండో దారి పట్టాడు. కొరవిని పట్టుకుని, బొట్టు బేతడనే ముదిగొండ రాజును వెళ్ళగొట్టాడు.

బొట్టు బేతనికి అండగా విరియాల ఎఱ్ఱడు వచ్చాడు. ఇతను కల్యాణి చక్రవర్తికి సామంతుడు. ఎఱ్ఱడు కొరవి మీదికి నడిచి, బొట్టు బేతని శత్రువును చంపి, బొట్టు బేతనికి మళ్ళీ రాజ్యం ఇప్పించాడు. శాసనం ఆ శత్రువు పేరు చెప్పదు. అతను గుండడేనని చరిత్రకారులు తేల్చారు.

గుండనికి ఒక కొడుకు ఉన్నాడు. అతని పేరు కూడా బేతడే! తికమక పడకండి, ఇతను గరుడ బేతడు. అప్పటికి ఇంకా చిన్నవాడు. తండ్రి పోయాడు, సీమ పోయింది. కాకతీయుల కథ అంతటితో ముగిసిపోవలసిందే.

అప్పుడు ఒక స్త్రీ ముందుకు వచ్చింది. ఆమె ఎవరనుకున్నారు? గుండని చంపిన ఎఱ్ఱని భార్య, కామసాని! ఆమె చక్రవర్తి దర్శనం చేసుకుని, బేతని పక్షాన మాట్లాడి, అతనికి అనుమకొండ సీమ ఇప్పించింది. అదే నేటి హనుమకొండ.

తండ్రిని చంపినవాడి ఇంటి నుంచే కొడుకుకు సాయం! ఆ పిల్లవాడు పెద్దవాడై, తండ్రి పగ తీర్చుకోవడానికి కామసాని భర్త మీదికే కత్తి ఎత్తవచ్చు. అది ఆమెకు తెలియకపోదు. అయినా వెళ్ళింది. ఆమె గుండనికి దగ్గర చుట్టమై ఉంటుందని, బహుశా తోబుట్టువేనని, కొందరు పండితుల ఊహ. చక్రవర్తి ఎందుకు ఒప్పుకున్నాడంటారా? నన్నడిగితే జాలి ఒక్కటే కారణం కాదు. నిన్నటి శత్రువు కొడుకు సామంతుడై సరిహద్దు కాస్తానంటే ఏ రాజుకు చేదు?

ఈ సంగతి మనకు ఎవరు చెప్పారు? జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర గూడూరు ఉన్నది. (మానుకోట పక్కనున్న గూడూరు వేరు.) అక్కడి రాతి మీద విరియాల వారి గొప్ప చెప్పే తెలుగు పద్యాలు చెక్కి ఉన్నాయి. చంపకమాలలు, ఉత్పలమాలలు! ఎఱ్ఱని కత్తితో పాటు కామసాని రాయబారం కూడా ఆ పద్యాలలోకి ఎక్కింది.

అనుమకొండలో బేతని సంతతి వేళ్ళూనుకున్నది. ఆ వంశంలో పుట్టిన రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించాడు. తరువాత గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు ఏలారు. 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా ఆ వంశం నిలిచింది.

గణపతిదేవుని చెల్లెలు మైలమ బయ్యారంలో పెద్ద చెరువు తవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. ఆ చెరువు శాసనంలో తన పుట్టింటి వంశమంతా వరుసగా రాయించింది. అందులో పిండి గుండని తరువాత గరుడ బేతని పేరు వస్తుంది. కామసాని పేరు మాత్రం గూడూరు రాతి మీదే వెతకాలి.