ప్రోస్టేటు గ్రంథికి పొరుగున నున్న కొవ్వు

బొజ్జ కలుగుట కలిమికి గురుతని మన పెద్దలలో చాలమంది తలచెడివారు. వాపును చూచి బలుపనుకొన్నట్లను సామెతయు మనకు కలదు. కొవ్వు శరీరమునకు కంబళివలె వెచ్చదన మిచ్చుననియు, గాదెలోని ధాన్యమువలె అవసరమునకు ఆదుకొనుననియు వైద్యశాస్త్రము సైతము చిరకాలము భావించినది. ఆ మాట సత్యమే. కాని సగము సత్యము. కొవ్వు తన చెంతనున్న అవయవములకు ఎడతెగక రసాయన సందేశములను పంపుచుండును. ఆ సందేశములు కాన్సరు కణములకు చేరినచో నేమి జరుగునో, పురుషులకు మాత్రమే యుండు ప్రోస్టేటు గ్రంథిని ఉదాహరణముగా గైకొని వివరింప దలచితిమి.

ఈ గ్రంథిని పౌరుష గ్రంథి యనియు నందురు. ఇది మూత్రాశయమునకు దిగువను, మలాశయమునకు ముందును ఉండి, మూత్రమార్గమును ఉంగరమువలె చుట్టుకొని యుండును. యౌవనమున దీని పరిమాణము అక్రోటుకాయంత. తూకము సుమారు 20 గ్రాములు. దీనిని ఒక పలుచని పొర కప్పియుండును. ఆ పొర అన్ని వైపుల నొకే తీరున నుండదు; గ్రంథికి ముందు వైపునను, దిగువ కొనయందును స్పష్టముగ కానరాదు. దానికి వెలుపల నుండునది కొవ్వు. కాన్సరు గ్రంథిలోనే నిలిచియున్నంతవరకు చికిత్స సాధారణముగా సుకరము. అది పొరను దాటినపుడు పెక్కుచోట్ల మొదట తగులు పొరుగు ఈ కొవ్వే. శస్త్రచికిత్సలో తీసివేసిన గ్రంథిని సూక్ష్మదర్శినితో పరీక్షించు వైద్యులు, కొవ్వు కణముల నడుమ కాన్సరు కణములు కానవచ్చినచో వ్యాధి గడప దాటినదని నిర్ణయింతురు.

వ్యాధి వ్యాపించుటలో పరిసరములకు పాత్ర కలదను ఆలోచన క్రొత్తది కాదు. 1889లో స్టీఫెన్ పాజెట్ అను ఆంగ్ల వైద్యుడు, స్తన కాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల వృత్తాంతములను పరిశీలించి, కాన్సరు కణమును విత్తనముతోను, అది చేరిన అవయవమును నేలతోను పోల్చెను. విత్తనము ఎల్లెడల చల్లబడవచ్చును. తగిన నేల యున్నచోటనే మొలచును. వ్యవసాయ మెరిగిన మన శ్రోతలకు ఈ పోలిక వివరింప నక్కరలేదు.

కొవ్వు ఎట్టి నేల? 1994లో అమెరికాలోని రాకెఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు లెప్టిన్ అను హార్మోనునకు మూలమైన జన్యువును కనుగొనిరి. కొవ్వు కణములు ఈ హార్మోనును రక్తములోనికి విడుచును. అది మెదడును చేరి ఆకలిని అదుపులో నుంచును. దానితో కొవ్వును గూర్చిన అభిప్రాయమే మారినది. అది నిల్వగది మాత్రమే కాదనియు, గ్రంథివలె పనిచేయుననియు శాస్త్రజ్ఞులు గ్రహించిరి. స్థూలకాయులయందు కొవ్వు కణములు ఉబ్బి, వాపును కలిగించు పదార్థములను అధికముగ స్రవించును.

ఫ్రాన్సు దేశమున టూలూజ్ నగరములోని పరిశోధకులు 2016లో ప్రకటించిన ఫలితములు ఈ సందర్భమున గమనింప దగినవి. ప్రోస్టేటు చుట్టునున్న కొవ్వు కణములు సి.సి.ఎల్.-7 అను ప్రోటీనును విడుచుచున్నవి. అది గ్రంథి అంచులలోనికి ఊరును. కాన్సరు కణములలో కొన్నింటి పైభాగమున, తాళమునకు తాళపుచెవి వలె, ఈ ప్రోటీనును అందుకొను గ్రాహకము కలదు. పూలవాసనను పట్టి తేనెటీగ పోవునట్లు, ఆ కణములు ప్రోటీను వచ్చు దిక్కునకు, అనగా గ్రంథి వెలుపలికి, కదలును. స్థూలకాయమున ఈ స్రావము హెచ్చును. గ్రాహకమును అడ్డగించినచో, ప్రయోగములలో కణముల వలస తగ్గినది.

కొవ్వు పిలుచుటతోనే ఊరకుండక, వచ్చిన అతిథికి అన్నము కూడ పెట్టును. సాధారణముగా కాన్సరు కణములు చక్కెరను విరివిగా వాడుకొనును. ప్రోస్టేటు కాన్సరు తొలిదశలో అంతగా చక్కెరపై ఆధారపడక, కొవ్వు ఆమ్లములనే ముఖ్యమైన ఇంధనముగా వాడుకొనును. ప్రక్కనే కొవ్వు నిండుగ నున్నపుడు దానికి కొరత యేమి?

ఇంతమాత్రమున లావుగానున్న ప్రతి పురుషునకును ఈ వ్యాధి వచ్చునని భయపడరాదు. ప్రపంచ కాన్సరు పరిశోధన నిధి 2014 నివేదికలో, దేహమున కొవ్వు హెచ్చుటకును, ముదిరిన ప్రోస్టేటు కాన్సరునకును సంబంధము కలిగియుండుట సంభావ్యమని పేర్కొన్నది. అనగా స్థూలకాయము వ్యాధిని పుట్టించుటకంటె, దానిని ముదిరించుటయందే ఎక్కువ పాలుపంచుకొనునని తోచుచున్నది. ప్రోస్టేటు చుట్టునున్న కొవ్వు శరీరపు బరువునకు ఎల్లప్పుడు అనుగుణముగ నుండదు కూడ. కావున బక్కపలుచని వారు తమకు చింత లేదని ధీమా పడరాదు. మరియొక చిక్కు కలదు. ఈ వ్యాధిని పసిగట్టుటకు రక్తములో పి.ఎస్.ఎ. అను ప్రోటీనును కొలుతురు. స్థూలకాయుల శరీరమున రక్తపరిమాణము అధికమగుటచే ఆ ప్రోటీను పలుచబడి, అంకె తక్కువగ కానవచ్చును. వైద్యుడు ఫలితమును చదువునపుడు రోగి బరువును గూడ గమనింపవలెను.

బరువు తగ్గించుకొనుట గుండెకు, మధుమేహ నివారణకు మేలుచేయునని నిశ్చయముగ చెప్పవచ్చును. ప్రోస్టేటు కాన్సరు వచ్చినవారికి మాత్రము అది చికిత్సకు తోడేకాని బదులు కాజాలదు.

వృద్ధాప్యమున రాత్రులు పలుమారులు మూత్రమునకు లేచుట, ధార సన్నగిల్లుట చాలమందికి కలుగును. వీనికి కారణము తరచుగా కాన్సరు కాని గ్రంథి పెరుగుదలయే. కాని తొలిదశలోని కాన్సరు సామాన్యముగ ఏ లక్షణమును చూపదు. తండ్రికో సోదరునకో ఈ వ్యాధి వచ్చియున్నవారు యాబదియేండ్లకు ముందే వైద్యుని సలహా పొందుట మంచిది. సిగ్గుచే ఇంటిలో చెప్పని పెద్దలు మన కుటుంబములలో నెందరో కలరు. రాత్రి ఎన్నిమారులు లేచుచున్నారని ఇల్లాలో, కుమారుడో అడిగినచో, వారు విసుగుకొనక సమాధానము చెప్పవలెను.