వేసవి సెలవులలో లెక్కల పంతులు

బడులు మూసిన నాటినుండి తెఱచు నాటివఱకు ఉపాధ్యాయునకు పని యుండదని లోకుల తలంపు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు మమ్ము చూచి, "మీకేమమ్మా, పంతులుగారికి నెలన్నర సెలవులు" అని యనుచుందురు. సెలవులున్న మాట నిజమే. తెలుగువారి రెండు రాష్ట్రములందును ఏప్రిల్ నెలాఖరున బడులు మూసి, జూన్ 12వ తేదీ ప్రాంతమున మరల తెఱచుట వాడుక. కాని మే నెల సగము గడచినది మొదలు లెక్కల పంతులుగారి యింట జరుగు పని యెట్టిదో చెప్పినచో, ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులలో బిడ్డలున్న తల్లులకు కొంత యుపయోగముండునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సంవత్సరము పొడవునను పిల్లలు చేసిన తప్పులను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట మా వారి యలవాటు. అందు పిల్లల పేర్లు వ్రాయరు. తప్పులు మాత్రమే వ్రాయుదురు. మే నెలలో ఆ పుస్తకమును ముందిడుకొని, బియ్యములో రాళ్ళేరినట్లు, ఏ జాతి తప్పు నా జాతిలో చేర్చుదురు. చూడగా చూడగా మాకు నొక విషయము తెలిసినది. పిల్లల తప్పులు చెల్లాచెదురుగా నుండవు. ఒక్కొక తప్పు వెనుక ఒక్కొక నియమము దాగియుండును. ఆ నియమము బిడ్డ తనంతట తాను కల్పించుకొన్నది. తప్పుదే యైనను, దానిని బిడ్డ మిక్కిలి నిష్ఠతో పాటించును.

ఉదాహరణమునకు, 43లో నుండి 27 తీసివేయుమనిన 24 అని వ్రాయు పిల్లలు ప్రతి తరగతిలోను కలరు. నాలుగులో రెండు పోగా రెండు. ఏడులో మూడు పోగా నాలుగు. "పెద్ద అంకెలో నుండి చిన్న అంకెను తీయవలెను" అని మొదటి తరగతిలో విన్న మాటను వారు నేటికిని విడువలేదు. 0.45 పెద్దదా, 0.7 పెద్దదా యని యడిగిన మొదటిదే పెద్దదందురు. నలుబదియైదు ఏడుకంటె పెద్దది గదా! అరయును మూడవ వంతును కలుపుమన్నచో పైవి పైవానితోను, క్రిందివి క్రిందివానితోను కలిపి, ఐదింట రెండు వంతులని వ్రాయుదురు. ఐదింట రెండు వంతులన సగముకంటె తక్కువ. అర సోలెడు బియ్యములో మఱికొన్ని గింజలు పోసినచో అర సోలకు తక్కువ యెట్లగును? వంటయింట ఏ పిల్లయు నీ మాట యొప్పుకొనదు. కాగితముపై మాత్రము ఒప్పుకొనును. ఈ వింత యెందులకు?

దీనికి మా వారు తఱచుగా జెప్పు నొక యుదాహరణము కలదు. ఏడవ తరగతిలో నొక కూరగాయల వ్యాపారి కూతురుండెడిది. 612ను 6 చేత భాగింపుమన 12 అని వ్రాసినది. నడుమ సున్న వేయవలెనన్న యెఱుక లేదు. తప్పని చెప్పక మా వారు, "అమ్మా, మీ నాయన 612 నిమ్మకాయలు తెచ్చి ఆఱు దుకాణములకు సమముగా నిచ్చెను. ఒక్కొకరికి ఎన్ని?" అని యడిగిరట. "తలకొక వంద, ఆఱు వందలు పోయినవి. మిగిలినవి పండ్రెండు, తలకు రెండు. నూటరెండండీ" అని చిటికెలో చెప్పినది. పిమ్మట తన పుస్తకములోని 12ను, తన నోటి 102ను మార్చి మార్చి చూచుకొని, "ఇవి రెండును ఒకే లెక్కయా?" అని యడిగినదట. ఆమెకు లెక్క రాకపోలేదు. బడిలోని లెక్కయు బజారులోని లెక్కయు ఒకటియే యని యామెకు నెవ్వరును చెప్పలేదు, అంతియే.

ఇది మన యూరి విచిత్రము కాదు. 1985వ సంవత్సరమున బ్రెజిలు దేశమునందలి రెసీఫె నగరమున వీథులలో కొబ్బరికాయలు మొదలగునవి యమ్ము పిల్లలను పరిశోధకులు పరీక్షించిరి. బేరము చేయుచు నడిగిన ప్రశ్నలకు నూటికి 98 సరిగా చెప్పిన యా పిల్లలే, ఆ లెక్కలనే కాగితముపై అంకెలుగా నిచ్చినపుడు నూటికి 37 మాత్రమే సరిగా చేసిరి. మన దేశములోనే కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను గుఱించి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు చేసిన పరిశోధనము 2025వ సంవత్సరమున నేచర్ పత్రికలో వెలువడినది. బజారు పిల్లలకు పుస్తకపు లెక్కలు కొఱుకుడుపడలేదు. పుస్తకపు లెక్కలు చేయు బడిపిల్లలకు బజారు లెక్కలు కొఱుకుడుపడలేదు. ఇరువురి చేతను సగము విద్యయే యున్నది. ఎవరికెవరును నవ్వ పనిలేదు.

ప్రథమ్ సంస్థవారి 2024వ సంవత్సరపు అసర్ నివేదికనుబట్టి చూడగా, మన దేశపు పల్లెలలో ఎనిమిదవ తరగతి చదువు పిల్లలలో సగముమందికైనను మూడంకెల సంఖ్యను ఒంటి అంకెతో భాగించుట రాదు. అట్టి బిడ్డను కూర్చుండబెట్టి సమీకరణములను, ఘాతాంకములను చెప్పినచో నేమగును? బిడ్డ ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొనును. తల యూపును. క్రమముగా తనకు లెక్కలు రావని నిశ్చయించుకొనును. పండ్రెండేండ్ల యాడుపిల్ల యీ నిశ్చయమునకు వచ్చినదనిన, తరువాతి కాలమున నామె చదువదలచిన చదువులలో సగమునకు తలుపులు మూసికొన్నట్లే. అందువలననే బడులు తెఱచిన మొదటి పదునైదు దినములు పంతులుగారికి ప్రాణప్రదములు.

ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. పైవారికి పాఠములు తేదీల ప్రకారము జరుగవలెను. మొదటి పాఠము ఈ తేదీకి, రెండవది ఆ తేదీకి ముగిసినట్లు వ్రాతపూర్వకముగా చూపవలెను. ఒకప్పుడు మా వారు మొదటి పక్షము దినములు పాఠము మొదలిడక, ప్రతి బిడ్డకు నేమి వచ్చునో ఏమి రాదో కనుగొనుచుండగా, తనిఖీకి వచ్చిన యధికారి యొకరు "ఇంకను మొదటి పాఠమే కాలేదా?" అని తరగతి యెదుటనే కోపించిరి. మా వారు బదులాడలేదు. పునాది లేని గోడకు సున్నము కొట్టుమనుట వంటిదే యీ తొందర యని మా యభిప్రాయము. ఇపుడు వారు చేయు నుపాయ మేమనగా, గడియలో సగము నిర్ణీతపాఠమునకును, సగము పాత బాకీకిని పంచుదురు. ఆ బాకీ వసూలుకు వలయు ప్రశ్నలనే మే నెలలో తయారుచేసికొనుట. ఒక్కొక బిడ్డకు పది ప్రశ్నలు, మార్కులు లేవు, తప్పు చూచినచో దాని వెనుకనున్న నియమము బయటపడునట్లు అంకెలను ఏరి కూర్చవలెను. 43, 27 బదులు 48, 27 ఇచ్చినచో ఆ తప్పు బయటపడదు గదా. ఇట్టి పది ప్రశ్నలు కూర్చుటకు మూడు రాత్రులు పట్టుట మేము చూచినాము.

ఏడవ తరగతిలో పిల్లలను మిక్కిలి తికమకపెట్టునది ఋణసంఖ్యల గుణకారము. ఋణమును ఋణముతో గుణించిన ధనమగునని చెప్పినచో, "ఏలయండీ?" అని యడుగు పిల్లలు తక్కువ, నోరు మూసికొని వల్లించు వారెక్కువ. ఈ ధనము, ఋణము అను పేళ్లు నేటివి కావు. బ్రహ్మగుప్తుడు 628వ సంవత్సరమున రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమునందే యీ పేళ్లతో కూడికకు, తీసివేతకు, గుణకారమునకు నియమములు చెప్పినాడు. ధనమనగా ఉన్న సొమ్ము, ఋణమనగా అప్పు. ఈ సంగతి బోధపఱచుటకు డ్వాక్రా సంఘములోనున్న ఏ తల్లియైనను చాలును. నెలకు 200 రూపాయల వాయిదా అప్పు. అట్టి వాయిదాలు మూడు మీఱిన 600 అప్పు పెరుగును. మూడు వాయిదాలను సంఘము కొట్టివేసిన, చేతిలో 600 మిగిలినట్లే కదా! అప్పును తీసివేయుట ఆదాయము. ఋణమును ఋణముతో గుణించుట యనిన నింతే. సెలవులలో మా వారు వ్రాసికొన్న యీ ఉదాహరణములో రూపాయల మొత్తము మొదట వేఱుగా నుండెను. మన సంఘములలోని వాడుకను మేము చెప్పగా దిద్దుకొనిరి.

ప్రాచీనుల మాట వచ్చినది గావున ఒక్క మాట. భాస్కరాచార్యుడు 1150వ సంవత్సరమున రచించిన గణితగ్రంథమునకు లీలావతి యని పేరు. అందలి లెక్కలలో పెక్కింటిని ఒక బాలికను సంబోధించి యడిగినాడు. తుమ్మెదల గుంపులు, కొలనులోని తామరలు, నెమలి, పాము వానిలోనికి వచ్చును. ఆమె యాతని కూతురని యొక కథ కలదు. కథ యెట్లున్నను లెక్కలు ఆడుదానిని పిలిచి యడిగినవే. మన తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును సారసంగ్రహగణితమను పేర పద్యములుగా దెచ్చినాడు. మన భాషలోని శాస్త్రగ్రంథములలో నది మిక్కిలి పాతది. ఆడువారికి గణితము తగదను మాట ఎప్పుడు పుట్టినదో గాని, ఈ పుస్తకములలో మాత్రము మాకది కనబడలేదు.

తల్లులతో నొక మనవి. బిడ్డ యెదుట, "మా అమ్మాయికి లెక్కలు రావండీ, నాకును రాలేదు" అని పంతులుగారితో ననవలదు. మీరు నవ్వుచు ననినను, బిడ్డ దానిని జాతకమువలె నమ్మును. పాలవానికిచ్చు లెక్క, చీటీపాట లెక్క, చీర కుచ్చిళ్ళ లెక్క మీరు నోట చేయుచునే యున్నారు గదా. 2020వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమున ప్రవేశపెట్టిన పాఠ్యపుస్తకములలో ఒక పుటను ఆంగ్లమును, దాని కెదురుపుటను తెలుగును ముద్రించిరి. అట్టి పుస్తకము మీ యింటనున్నచో తెలుగు పుటను మీరు చదివి బిడ్డను ప్రశ్నింపవచ్చును. జవాబు మీకు తెలియనక్కఱలేదు. "ఎట్లు వచ్చినది?" అని యడిగిన చాలును.

ఇక సామగ్రి. ఈ వారమంతయు మా వసారా సంతవలె నున్నది. చింతపిక్కలు రెండు డబ్బాలు. ఒకవైపు అరగదీసినవి, ఒకవైపు నల్లగా నున్నవి. తెల్లవి ధనము, నల్లవి ఋణము. కోణములకు చీపురుపుల్లలు. తక్కెడ యొకటి, సమీకరణమునకు దానిని మించిన పరికరము లేదని మా వారి నమ్మకము. దర్జీవాని పాత టేపు. వైశాల్యపు పాఠమునకు ఒక తాడు. పదునొకండు గజముల కొకసారి ముడి వేసినాము. పదునొకండు గజముల చదరము 121 చదరపు గజములు. అది సరిగా ఒక గుంట. ఎకరమునకు 40 గుంటలు తెలంగాణమువారి లెక్క. 100 సెంట్లు ఆంధ్రమువారి లెక్క. రెండును 4840 చదరపు గజములే. బడి యావరణలో ఆ తాడును పఱచి, "ఇది గుంట" యని చూపిన బిడ్డ దానిని మఱువదట. మేమును తాడు పట్టుకొని చూచినాము. గుంట యింత పెద్దదా యని యాశ్చర్యము కలిగినది.

ఎనిమిదవ తరగతికి ఘనములను గూర్చిన మొదటి లెక్క మాత్రము మాది. ముగ్గు పుస్తకములలో "15 చుక్కలు, సందుచుక్క, 8 వఱకు" అని యుండును గదా. నడుమ వరుస 15, పైకి 14, 13 అని తగ్గుచు 8 వఱకు, క్రిందికిని అట్లే. మొత్తము చుక్కలెన్ని? ఒక్కొకటిగా లెక్కించిన తప్పక పొరపడుదుము. ఎనిమిదిని పదునాలుగుతోను, తొమ్మిదిని పదుమూడుతోను, పదిని పండ్రెండుతోను జతపఱచిన మూడు ఇరువదిరెండులు, పదునొకండు మిగులును, 77. క్రిందను 77. నడుమ 15. వెరసి 169. ఇది పదుమూడు పదుమూళ్ళు. కావున ఈ చుక్కలనే చెఱిపి పదుమూడు వరుసల సరిచుక్క ముగ్గు పెట్టినచో ఒక్క చుక్కయు మిగులదు. మఱియు 8 ఘనము 512, 7 ఘనము 343, భేదము 169! మా వారు దీనిని చూచి చాలసేపు మాటాడలేదు. తరువాత 5 చుక్కలు 3 వఱకు పెట్టి చూచిరి. 19 వచ్చినది. 3 ఘనములో 2 ఘనము పోగా 19. చదరము మాత్రము కుదురలేదు. 7 చుక్కలు 4 వఱకు పెట్టిన నెట్లుండునో సోదరీమణులు రేపటి వాకిటి ముగ్గులో చూచుకొందురు గాక.