కొత్త కంప్యూటర్ ఆన్ కాలేదా? పిల్లల్ని తిట్టకముందు ఇవి చూడండి

ఈసారి వంటలు కాదు, బంగారం రేటూ కాదు. మన ఇళ్ళల్లో ఈమధ్య తరచూ జరుగుతున్న ఒక గొడవ గురించి రాస్తున్నాను.

పిల్లాడో పిల్లో పుట్టినరోజు డబ్బులూ, తాతయ్య ఇచ్చినవీ, నాన్న ఓవర్‌టైమ్‌లో మిగిలినవీ కలిపి దాచుకుంటారు. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు మీద, అదే మనవాళ్ళు కంప్యూటర్ స్ట్రీట్ అంటారే, అక్కడ షాపు షాపూ తిరిగి ఒక్కో పార్టూ కొంటారు. రెండు రోజులు హాల్లో కింద పరుచుకుని బిగిస్తారు. బటన్ నొక్కితే ఏమీ ఉండదు. "అప్పుడే చెప్పాను, లాప్‌టాప్ కొనుక్కోమని" అని నాన్న మొదలుపెడతారు. పిల్లాడు గది తలుపు వేసుకుంటాడు. వేల దిర్హాములు బూడిదలో పోశామని మనకి గుండె దడ.

కంగారు పడకండి. కొత్తగా బిగించిన కంప్యూటర్ లేవలేదంటే చాలాసార్లు ఏ పార్టూ చెడిపోయి ఉండదు. ఏదో వైరు పూర్తిగా కూర్చోక ఆగిపోతుంది. హాస్పిటల్లో పేషెంట్ వస్తే ముందు పల్స్, ఊపిరి చూసి, తర్వాతే స్కానింగ్ అంటాం కదా. ఇక్కడా అదే వరస.

మొదట ఒకటి తేల్చుకోండి. లైటు, ఫ్యాను ఏదీ కదలట్లేదా? లేక ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ స్క్రీన్ మీద బొమ్మ రావట్లేదా? ఈ రెండూ వేరే వేరే జబ్బులు.

ఏదీ కదలకపోతే గోడ దగ్గర్నుంచి రండి. ఇక్కడి మూడు పిన్నుల సాకెట్‌కి స్విచ్ ఉంటుంది, అది వేశారా? కంప్యూటర్ వెనక పవర్ సప్లైకి ఇంకో స్విచ్ ఉంటుంది. నిలువు గీత ఉన్న వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు ఆఫ్. ఇంకొక్క మాట: కొన్ని పాత పవర్ సప్లైలకి 115, 230 అని చిన్న ఎర్ర మీట ఉంటుంది. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇచ్చిందైతే ప్లగ్ పెట్టకముందే చూడండి. ఇక్కడ కరెంటు 230 వోల్టులు. మీట 115 మీద ఉండగా పెడితే ఠప్పున పేలి కాలిపోతుంది.

తర్వాత లోపలి వైర్లు. ముట్టుకునే ముందు ప్లగ్ తీసేయండి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, పెయింట్ లేని ఇనుప భాగం ఒకసారి తాకండి. మదర్‌బోర్డుకి 24 పిన్నుల పెద్ద వైరు ఒకటి, ప్రాసెసర్ పక్కన పై మూలలో 8 పిన్నుల వైరు ఇంకొకటి ఉండాలి. పిల్లలు ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండోదే. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. వైరు మీద సీపీయూ అని ఉన్నదే ఇక్కడ పెట్టాలి. బలవంతంగా తోయొద్దు.

ముందు బటన్ నుంచి వచ్చే సన్నని వైరు పెట్టాల్సిన రెండు పిన్నులు ఎక్కడున్నాయో మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఒక్క పిన్ను పక్కకి జరిగినా బటన్ పనిచేయదు.

ఇక ఫ్యాన్లు తిరిగి, స్క్రీన్ నల్లగా ఉంటే? మానిటర్ వైరు ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, ఉదాహరణకి ఐ5 12400ఎఫ్, దానికి సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదు.

తర్వాత ర్యామ్. రెండూ తీసి, ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. అది తన ర్యామ్‌ని తాను సర్దుకుంటోంది. ఒక టీ పెట్టుకుని రండి, మధ్యలో ఆపొద్దు.

చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే జబ్బు అక్కడే. బూట్ దగ్గర ఆగితే సంతోషించండి. కొత్తదాంట్లో విండోస్ ఎక్కించి ఉండదు కదా, చాలాసార్లు అంతే సంగతి.

సీపీయూ లైటు దగ్గర ఆగితే బోర్డు పాత స్టాకేమో అడగండి. 2018లో వచ్చిన బీ450 బోర్డులు 2020 చివర్లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లని బయోస్ అప్‌డేట్ చేయకుండా గుర్తుపట్టవు. ఆ పని షాపువాళ్ళు చేసిపెడతారు.

ఏదీ కుదరకపోతే బోర్డుని బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టండి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, పవర్ సప్లై, అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు, అంతే. అట్ట మీద లేచి డబ్బాలో లేవట్లేదంటే, బోర్డు కింద ఇనుప బుడిపె ఒకటి తప్పు చోట తగులుతోందన్నమాట.

రెండు పనులు మాత్రం వద్దు. పవర్ సప్లై విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవుంటుంది. ఇంకో కంపెనీ పవర్ సప్లై వైర్లు, ప్లగ్ సరిపోయినా, పెట్టొద్దు. లోపలి వరస వేరుగా ఉండి పార్టులు కాలిపోతాయి.

అప్పటికీ కాకపోతే బిల్లు, డబ్బాలు, ప్రాసెసర్ సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీసుకుని షాపుకెళ్ళండి. ఏమేం చూశారో కాగితం మీద రాసుకెళ్తే, "పిల్లాడే పాడుచేశాడు" అని తేలిగ్గా పంపించలేరు.

మీవారు రువైస్ సైటులో ఉన్నా, నైట్ డ్యూటీలో ఉన్నా ఇది మీరే చేయగలరు. ఊళ్ళో చదువుతున్న అమ్మమ్మలూ, పిన్నులూ, ఫోన్‌లో మనవడు ఏడిస్తే "ఎంత పోసి కొన్నావురా" అనకండి. "ఏ లైటు వెలుగుతోంది నాన్నా?" అని అడగండి. వాడు తనంతట తాను బిగించాడు. ఎక్కడ ఆగిందో కూడా వాడే వెతుక్కోగలడు, పక్కన టార్చి పట్టుకుని మనం కూర్చుంటే చాలు.