అమ్మకానికి లేని కుట్టు

నాష్‌విల్ పేరు చెబితే అమెరికాలో ఎవరికైనా కంట్రీ పాటలే గుర్తొస్తాయి. గడుల గుడ్డ మీద ఇంటూ గుర్తులతో బొమ్మలు కుట్టే క్రాస్ స్టిచ్ వాళ్లకు మాత్రం గుర్తొచ్చేది మార్కెట్. చలి ఇంకా పూర్తిగా పోని ఫిబ్రవరి ఆఖరులోనో మార్చి మొదట్లోనో, ఊరికి దక్షిణాన ముప్పై కిలోమీటర్ల అవతల ఫ్రాంక్లిన్‌లో నాష్‌విల్ నీడిల్‌వర్క్ మార్కెట్ జరుగుతుంది. పెద్ద హాలు, అందులో బారులు తీరిన స్టాళ్లు ఊహించుకోకండి. ఏళ్ల తరబడి ఇది నడిచింది ఓ హోటల్ గదుల్లో. ఒక్కో డిజైనర్‌కి ఒక్కో గది. పెళ్లి విడిదిలోలాగా తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ కొనేవాళ్లు గదులన్నీ చుట్టబెడుతుంటారు. సామాన్లు ఓ మూలకు జరిపి, బల్లలు వేసి, గోడలూ అలమరా తలుపులూ కూడా వదలకుండా కుట్టి ఫ్రేము కట్టిన నమూనాలు పెడతారు.

మామూలు జనానికి ఇక్కడ ప్రవేశం లేదు. ఇది టోకు సంత. సూది దారాల దుకాణం నడుపుతున్నట్టు రుజువు ఉంటేనే లోపలికి పంపుతారు. డబ్బు కట్టి సరుకు అక్కడికక్కడే పట్టుకెళ్లడం పద్ధతి.

విచిత్రమేమిటంటే, ఆ గోడల మీదున్న కుట్లలో ఒక్కటీ అమ్మకానికి కాదు. కొన్నవాళ్లు పెట్టెలో వేసుకునేది ప్లాస్టిక్ కవర్లో ఉన్న నాలుగు కాగితాలు. పైన రంగుల ఫొటో, లోపల గడుల కాగితం నిండా గుర్తులు, ఏ గుర్తుకు ఏ నంబరు దారమో చెప్పే పట్టిక. దాన్ని చార్టు అంటారు. డిజైనర్‌కి కూడు పెట్టేది ఆ చార్టే.

కుట్టిన బొమ్మను ఎందుకు అమ్మరో లెక్క వేస్తే తెలిసిపోతుంది. పద్నాలుగు కౌంట్ అయిడా గుడ్డలో అంగుళానికి పద్నాలుగు గడులుంటాయి. పది అంగుళాల చదరాన్ని నిండా కుట్టాలంటే 19,600 ఇంటూ గుర్తులు వేయాలి. చేయి తిరిగిన మనిషి గంటకు 150 వేసినా 130 గంటలు పడుతుంది. గంటకు పది డాలర్ల చొప్పున కట్టినా 1,300 డాలర్లు దాటుతుంది. హాల్లో తగిలించుకునే పూలగుత్తికి అంత డబ్బు ఎవరిస్తారు? కాబట్టి ఆ గంటల్ని కొనేవాళ్లకే వదిలేస్తారు. వాళ్లకది కూలిపని కాదు కదా, సాయంత్రం పూట సరదా. డిజైనర్ అమ్మేది ఆ సరదాకు దారి. ఈ వ్యాపారమంతా ఈ ఒక్క ఏర్పాటు మీదే నిలబడింది.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 19వ శతాబ్దం మొదట్లోనే బెర్లిన్ ప్రచురణకర్తలు గడుల కాగితాల మీద బొమ్మలు అచ్చువేసి, వాటికి చేత్తో రంగులద్దించి దేశదేశాలకూ అమ్మారు. ఉన్ని దారంతో చేసే ఆ పనికి బెర్లిన్ పేరే స్థిరపడింది. అంతకుముందు చార్టులు అరుదు. ఆడపిల్లలు ఒకరి గుడ్డ చూసి మరొకరు కుట్టుకునేవారు. అక్షరాలు, పూలు, జంతువులు గుడ్డ మీదే నమూనాగా దాచుకునే ఆ ముక్కల్ని శాంప్లర్లంటారు. తేదీ కుట్టి ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో అన్నిటికన్నా పాతది 1598 నాటిది, జేన్ బోస్టాక్ అనే ఆవిడ కుట్టింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నాష్‌విల్‌లో ఇప్పటికీ పాత శాంప్లర్లకు మంచి గిరాకీ. వేలంలో ఒకటి కొని, భూతద్దం పెట్టి గడీ గడీ లెక్కపెట్టి చార్టుగా మార్చే డిజైనర్లున్నారు. ఎప్పుడో పోయిన పదేళ్ల పిల్ల పేరు, ఆమె తప్పుగా కుట్టిన అక్షరంతో సహా, మళ్లీ వందల ఇళ్ల గోడల మీదికి ఎక్కుతుంది.

గుమ్మంలో నిలబడే అరనిమిషం

డిజైనర్ అంటే బొమ్మలు గీసే మనిషనుకుంటాం. మార్కెట్ దగ్గరపడే కొద్దీ ఆ మనిషి ప్రెస్సువాడు, గుమాస్తా, హమాలీ అన్నీ అవుతుంది. కంప్యూటర్లో గడులు నింపడం ఒక్కటే హాయిగా సాగే పని. ఆ తర్వాత ఆ బొమ్మను ఎవరో ఒకరు నిజంగా కుట్టి చూపించాలి, ఫొటో తీయాలి. అన్నీ సొంతంగా కుట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అందుకే మోడల్ స్టిచర్లకు ఇస్తారు. కుట్టుకు ఇన్ని సెంట్లని లెక్క. వీళ్లే తప్పులు కూడా పట్టుకుంటారు. ఆకుపచ్చలు రెండింటికీ ఒకేలాంటి గుర్తు పడిందనో, కుడి అంచులో ఒక వరస ఎగిరిపోయిందనో మోడల్ కుట్టినవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. చార్టు అచ్చయ్యాక తెలిస్తే, కొన్నవాళ్లందరికీ సవరణ కాగితం పంపుకోవాలి.

ఇక గదిలోకి వద్దాం. దుకాణదారు గుమ్మంలో ఆగి గోడల్ని ఒకసారి కలయజూస్తుంది. ఆ అరనిమిషంలోనే చాలావరకు తేలిపోతుంది. నచ్చితే లోపలికొచ్చి చార్టు అందుకుంటుంది. అందుకున్నాక బొమ్మ వంక మళ్లీ చూడదు, వెనక్కి తిప్పుతుంది. ఎన్ని రంగులు? ఏ కంపెనీ దారం? ఏ గుడ్డ, ఎంత కౌంటు? ఆమె కంటికి అది బొమ్మ కాదు, తన షాపు అలమరా. ఎనిమిది రంగుల బొమ్మయితే చార్టూ దారమూ గుడ్డా కలిపి కిట్‌గా కట్టి అమ్ముకోవచ్చు. నలభై రంగులైతే అన్నీ తెప్పించి పెట్టుకోవాలి, అందులో సగం అలాగే ఉండిపోతాయి. కొత్త డిజైనర్లు ఇది తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది. తమకు బాగా ఇష్టమైన బొమ్మ బల్ల మీదే ఉండిపోతుంది, ఆదరాబాదరాగా చేసిన చిన్న గుమ్మడికాయ బొమ్మ మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: పీడీఎఫ్‌గా నువ్వే నేరుగా అమ్ముతావా? అమ్ముతానంటే దుకాణదారు మొహం మారుతుంది. కాగితం చార్టు షాపులో పన్నెండు డాలర్లనుకుంటే డిజైనర్‌కి ముట్టేది ఆరు. మిగతా సగం షాపుది. పంపిణీదారు నడుమ ఉంటే ఆ ఆరులోనూ కోత పడుతుంది. అదే పీడీఎఫ్ అయితే దాదాపు మొత్తం డిజైనర్‌కే. ఆశ సహజమే. కానీ పీడీఎఫ్ ఒకరు కొంటే పదిమందికి చేరడం కూడా అంతే సహజంగా జరిగిపోతోంది. కుట్టుకోవడానికి ఒక నకలు తీసుకుంటే ఎవరూ పట్టించుకోరు. స్నేహితురాలికి ఇంకొకటి తీసిస్తే అది దొంగతనమే. పన్నెండు డాలర్లకు నెలల తరబడి సాయంత్రాలు గడుస్తాయి. అది కూడా ఖరీదే అనేవాళ్లకు ఏం చెప్పినా ఎక్కదు.

దారం దగ్గర ఇంకో చిక్కుంది. ఫ్రాన్స్‌లోని మల్హౌస్‌లో 1746లో పుట్టిన డీఎంసీ కంపెనీ ఆరు పోగుల దారం ఈ లోకానికంతటికీ కొలబద్ద. ఎనిమిది మీటర్ల లచ్చి, 500 రంగులు, నలుపు అంటే 310. ఏ దేశంలో కొన్నా ఆ నంబరుకు ఆ రంగే. మార్కెట్‌లో మాత్రం మోజంతా చేత్తో అద్దిన దారాల మీద. వీక్స్ డై వర్క్స్, జెంటిల్ ఆర్ట్ లాంటి చిన్న కంపెనీలవి, ఒకే లచ్చిలో ముదురూ లేతా కలిసి వస్తాయి. కుడితే బొమ్మకు పాతకాలపు వన్నె వస్తుంది. ఆ ఏడాది పేరు తెచ్చుకున్న చార్టుల్లో అలాంటి ఎరుపు ఒకటి ఉందంటే చాలు, ఆ ఎరుపు ఎక్కడా దొరకదు. అద్దేవాళ్లు కొద్దిమంది, అడిగేవాళ్లు వేలమంది. యూట్యూబ్‌లో ఫ్లాస్‌ట్యూబ్ పేరుతో కుట్టేవాళ్లు నడిపే వీడియోల పుణ్యమా అని కొత్త చార్టుల సంగతి మార్కెట్ తలుపులు తెరవకముందే బయటికొస్తోంది. దుకాణదారు గదిలో అడుగుపెట్టేసరికే ఆమె ఫోన్లో ఆర్డర్ల జాబితా ఉంటుంది. ఈ హడావుడి నాకైతే నచ్చదు. మూడు నెలలు కుట్టే బొమ్మను మూడు నిమిషాల్లో చేజిక్కించుకోవాలన్న ఆత్రం ఏమిటో!

ఈ దుకాణదారులు నడిపే చిన్న షాపుల అవసరం మాత్రం ఈమధ్య పెరిగింది. గుడ్డలూ దారాలూ అమ్మే జోఆన్ దుకాణాలు అమెరికా అంతటా దాదాపు 800 ఉండేవి. 1943 నుంచి ఉన్న ఆ సంస్థ 2025లో దివాలా తీసి అన్నీ మూసేసింది. ఊళ్లో డీఎంసీ 310 లచ్చి ఒకటి కావాలంటే ఎక్కడికెళ్లాలో తెలియని ఊళ్లు బోలెడు. అదే ఏడాది యూరప్ సరుకు మీద సుంకాలు వచ్చిపడ్డాయి. దారం ఫ్రాన్స్‌ది, అంచున నారింజ పోగుతో వచ్చే జ్వైగార్ట్ గుడ్డ జర్మనీది.

అటు గంటలు, ఇటు గీత

మన ఇళ్లలోనూ ఒకప్పుడు మ్యాటీ క్లాత్ మీద చిలకల జంటలు, హంసలు, ఇంగ్లీషులో వెల్‌కమ్ కుట్టి అద్దం బిగించి తగిలించేవారు. చార్టు పత్రికలోదో పక్కింటి పిన్నిగారిదో అయివుండేది. ఎవరు గీశారని అడిగినవాళ్లు లేరు.

నర్సాపురంలో మాత్రం చేతిపని ఇంటి గోడకు కాదు, అమ్మకానికి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి గట్టుకు చేరిన క్రోషే లేసు, వేలమంది గృహిణుల చేతుల మీదుగా విదేశాలకు వెళ్లింది. దారం ఏజెంటే ఇస్తాడు, అల్లిన ముక్క ఏజెంటే పట్టుకెళ్తాడు, అల్లినదాన్ని బట్టి కూలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేశారు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పనిగా చూశారు కాబట్టే ఆ పనికి అంత తక్కువ కట్టారని ఆమె వాదన. ఫ్రాంక్లిన్ గదుల్లో గంటలు ఉచితం, గీతకు ధర. నర్సాపురంలో అమ్ముడుపోయింది గంటలే, అవీ కారుచౌకగా. పువ్వు ఎవరు ఊహించారో ఏ చీటీ మీదా లేదు. రెండు చోట్లా తీరిక అన్న మాటే ధరను మింగేసింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ దొరికింది. అల్లే మనిషి కూలి సంగతి వేరే లెక్క.

మార్కెట్ ముగిశాక డిజైనర్ ఇంటి దగ్గర అసలు పని మొదలవుతుంది. మళ్లీ అచ్చు, మడతలు, కవర్లు, పోస్టు. గోడల మీది నమూనాలకూ విశ్రాంతి లేదు. ట్రంక్ షో పేరుతో వాటిని పెట్టెలో సర్ది ఒక షాపుకు పంపుతారు. అక్కడ కొన్ని వారాలు తగిలించి, మళ్లీ ఇంకో ఊరి షాపుకు. కళ్లారా చూస్తేనే చార్టు అమ్ముడయ్యేది మరి. ఆ పెట్టె పంపేటప్పుడు కొరియర్ ఫారంలో ఒక గడి నింపాలి: లోపలున్న సరుకు విలువ ఎంత? పోతే బీమా చెల్లించేది ఆ అంకె మీదే. 130 గంటలకు రసీదు లేదు. ఫ్రేము కట్టించినదానికి ఉంది. ఆ గడిలో ఫ్రేము ఖరీదే పడుతుంది.