లాభం ఉంది, రొక్కమేదీ?

ఉద్యోగ విరమణ నాడు చేతికందిన సొమ్ముతో చిన్న వ్యాపారమేదైనా ప్రారంభించాలన్న ఆలోచన మన కుటుంబాలలో చాలామందికి ఉంటుంది. ఆ వ్యాపారం నిలదొక్కుకుంటున్నదా, లేక దాచుకున్న సొమ్మును హరిస్తున్నదా అన్నది గ్రహించాలంటే మూడు పట్టికలను చదవగలగాలి.

మొదటిది లాభనష్టాల ఖాతా. ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు జరిగిన వ్యాపార ఫలితాన్ని ఇది తెలుపుతుంది. ఉదాహరణకు, పచ్చళ్ళు తయారుచేసే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. మొదటి ఏడాది అమ్మకాలు 6,00,000 రూపాయలు. ముడిసరుకుకు 3,60,000, అద్దె, కూలి, విద్యుత్తులకు 1,40,000, వడ్డీకి 10,000, యంత్రాల తరుగుదలకు 10,000 పోగా లాభం 80,000.

రెండవది ఆస్తి అప్పుల పట్టిక. ఇది ఒక నిర్ణీత తేదీ నాటి పరిస్థితిని చూపుతుంది. ఒక ప్రక్క ఆస్తులు, మరొక ప్రక్క అప్పులు, మూలధనం. ఈ రెండు ప్రక్కల మొత్తాలు సమానం కావాలి. మన ఉదాహరణలో ఆస్తుల వైపు దుకాణదారుల నుండి రావలసిన బాకీ 1,20,000 ఉన్నదనుకుందాం.

మూడవది నగదు రాకపోకల పట్టిక. అసలు మర్మం ఇక్కడే బయటపడుతుంది. అమ్మకాలలో చేతికి వచ్చినది 4,80,000 మాత్రమే. తరుగుదల రొక్కంగా చెల్లించేది కాదు గనుక, దానిని మినహాయిస్తే చెల్లించినది 5,10,000. అనగా 80,000 లాభం గడించిన సంవత్సరంలోనే రొక్కం 30,000 తరిగింది! ఆ లాభాన్ని నమ్మి ఇంటి ఖర్చులకు నెలకు 5,000 వాడుకుంటే లోటు 90,000 అవుతుంది. దానిని పూడ్చేది భవిష్యనిధి సొమ్మే. అప్పు అసలు వాయిదాలు సైతం లాభనష్టాల ఖాతాలో కనిపించవు, నగదును మాత్రం తగ్గిస్తాయి.

కావున అరువు అమ్మకాలకు గడువు విధించడం అవసరం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఇందుకు అండగా నిలుస్తుంది. నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా, 45 రోజులు మించకుండా చెల్లించాలి. జాప్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వవలసి ఉంటుంది.

ఇంటి పద్దును, వ్యాపారపు పద్దును వేరువేరుగా వ్రాయడం, నెలకొకసారి కుటుంబ సభ్యులందరూ కలిసి బాకీల జాబితాను సరిచూసుకోవడం మంచి అలవాట్లు. లాభం ఎంత అని అడిగిన వెంటనే, అందులో చేతికందినది ఎంత అని కూడా అడుగుదాం. జీవితకాలపు కష్టార్జితానికి అదే రక్ష.